ఎర్=0 అని ఉందా? అసలు దొంగ అక్కడే ఉన్నాడు!

389 డైరెక్టరీ సర్వర్ (యూజర్ల వివరాలు దాచి, లాగిన్‌లకు జవాబిచ్చే సర్వర్) యాక్సెస్ లాగ్, అంటే దాన్ని ఎవరు ఏం అడిగారో నమోదయ్యే ఫైల్ తెరిచారు, ఎర్=49 (ఎర్ అంటే ఫలితం కోడ్, 49 అంటే తప్పు పాస్‌వర్డ్) అని గ్రెప్ కొట్టి వెతికారు, నాలుగు తప్పు పాస్‌వర్డ్‌లు కనిపించాయి, "లాగ్‌లో ఏమీ లేదు" అని మూసేశారు. అవునా కాదా? మీ సర్వర్‌ని చంపుతున్నది ఎర్=49 కాదండీ, ఎర్=0! సున్నా అని ఉన్న లైను!

గొడవ మీకు తెలిసిందే. లాగిన్ పది సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. అప్లికేషన్ వాళ్లు "డైరెక్టరీ సర్వర్ స్లో" అంటారు. సర్వర్ వాళ్లు "ర్యామ్ పెంచుదాం" అంటారు. ర్యామ్ వస్తుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. లాగ్ మాత్రం ఎవరూ చదవరు. నాకు ఒళ్లు మండేది అక్కడే!

ఈ 389 లాగ్‌లో సెర్చ్ అడిగిన లైను ఒకటి, దానికి జవాబుగా రిజల్ట్ లైను ఇంకొకటి. మధ్యలో వేరేవాళ్ల లైన్లు ఎన్నో దూరిపోతాయి. అందుకే కాన్ నంబరు (ఏ కనెక్షనో), ఆప్ నంబరు (అందులో ఎన్నో పనో) జంటగా పట్టుకుని వెతకాలి. ఇక ఎర్=0 అంటే ఏమిటి? "నువ్వు అడిగిన పని ముగించాను" అని. అంతే! ఎంత కష్టపడి ముగించిందో ఆ సున్నా చెప్పదు.

ఒకచోట నేను అర్ధరాత్రి దాకా కూర్చుని చూశాను. ఫిల్టర్‌లో, అంటే సెర్చ్ షరతులో, మొబైల్=*45* (నెంబరులో ఎక్కడైనా 45 ఉన్నవాళ్లు). రిజల్ట్: ఎర్=0, ఎన్‌ఎంట్రీస్=0 (దొరికిన ఎంట్రీలు, అంటే రికార్డులు, సున్నా), ఈటైమ్ (మొత్తం పట్టిన సమయం) తొమ్మిది సెకన్లు, పక్కన నోట్స్=ఏ. ఆ ఒక్క అక్షరం చూడండి! ఏ అంటే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టుకున్న పట్టిక) ఏ మాత్రం ఉపయోగపడలేదు, ఎంట్రీలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూసిందని అర్థం. ఇండెక్స్ లేదా అంటే, ఉంది! కానీ సబ్‌స్ట్రింగ్ ఇండెక్స్ (విలువలో ఒక ముక్కతో వెతకడానికి పనికొచ్చేది) మామూలుగా మూడేసి అక్షరాల ముక్కలతో కడతారు. మీరు రెండంకెలతో అడిగితే అదేం చేస్తుంది పాపం? అడుగుతున్నది ఎవరో తెలియాలిగా? ఐపీ (ఆ మెషీన్ చిరునామా) కోసం అదే కాన్ నంబరుతో పైకి వెళ్లి కనెక్షన్ మొదలైన లైను చూశాను. నెంబర్లు సరిచూసే స్క్రిప్ట్ ఒకటి, గంటల తరబడి అదే పని. ఫిల్టర్‌లో పూర్తి నెంబరు పెట్టించాం. లాగిన్ టెన్షన్ ఆ రాత్రే పోయింది. ర్యామ్ ఒక్క జీబీ కూడా కొనలేదు!

కొత్త వెర్షన్లలో ఇంకో రెండు అంకెలు ఉంటాయి, నాకు మహా ఇష్టం. డబ్ల్యూటైమ్ అంటే వరుసలో నిలబడిన సమయం, ఆప్‌టైమ్ అంటే నిజంగా పనిచేసిన సమయం. ఈటైమ్ ఏడు సెకన్లు, అందులో డబ్ల్యూటైమే దాదాపు ఏడు అనుకోండి. అంటే ఆ సెర్చ్ తప్పు చేయలేదు, ఇంకొకడి వెనక ఇరుక్కుంది. దాన్ని తిట్టకండి! ఆ సమయంలో ఆప్‌టైమ్ ఎవరిది పెద్దదో వాణ్ని పట్టుకోండి.

అన్నట్టు, లాగ్ రావడం లేదని కంగారుపడేవాళ్లకు ఒక మాట. ఈ లాగ్ మామూలుగా మెమరీలో పోగై, తర్వాత ఫైల్‌లో పడుతుంది. టెయిల్ (ఫైల్ చివరి లైన్లు చూపే కమాండ్) పెట్టి కూర్చుంటే ఆలస్యంగానే కనిపిస్తుంది.

సున్నా చేసే ఇంకో మాయ ఉంది, ఇది మరీ దారుణం. "యూజర్ దొరకట్లేదు" అని ఫిర్యాదు. ఎంట్రీ కళ్లెదురుగా ఉంది! లాగ్‌లో ఎర్=0, ఎన్‌ఎంట్రీస్=0. ఎందుకంటే చదివే హక్కు లేనప్పుడు సెర్చ్‌కి సర్వర్ "అనుమతి లేదు" అనదు, ఆ ఎంట్రీని చూపించకుండా ఊరుకుంటుంది. అదే కాన్‌లో బైండ్ లైను (లాగిన్ అయిన లైను) చూడండి. డీఎన్ (వచ్చినవాడి పేరు) ఖాళీగా ఉంటే మీ అప్లికేషన్ పేరు చెప్పకుండా లోపలికొచ్చింది. ఆ బైండ్‌కీ ఎర్=0 వచ్చే ఉంటుంది!

నా లెక్క ఇదీ: "సర్వర్ స్లో" అనే మాటల్లో ఎక్కువ భాగం ఎవరో రాసిన చెడ్డ ఫిల్టరే. కాదంటారా? నోట్స్=ఏ అని గ్రెప్ కొట్టి ఎన్ని లైన్లు వచ్చాయో చూసి, అప్పుడు నాతో గొడవపడండి.