మోడర్న్ రెనెసాన్స్ పాలెట్ చామనఛాయ కళ్ళ మీద ఎలా పడుతుంది? న్యూజెర్సీ డిసెంబర్ వ్లాగ్

హాయ్ అండీ, అందరికీ నమస్తే! న్యూజెర్సీలో డిసెంబర్ అంటే తెలుసుగా, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. అందుకే ఈ వీడియో మధ్యాహ్నమే, కిటికీ ఎదురుగా కూర్చుని తీస్తున్నాను. నేను చూపించేది ఐషాడో పాలెట్, అంటే కనురెప్పలకి వేసే రంగుల డబ్బా. ఇందులోలాంటి వార్మ్ షేడ్స్‌కి, అంటే ఆరెంజ్, ఎరుపు లాంటి వెచ్చటి రంగులకి, వెలుతురు చాలా ముఖ్యం. బాత్రూంలో పసుపు బల్బు కింద ఆరెంజ్, ఎరుపు రంగులు సగానికి సగం తగ్గి కనపడతాయి. పడలేదేమో అనుకుని మళ్ళీ మళ్ళీ వేస్తాం. తీరా ఫంక్షన్ హాల్లో తెల్ల లైట్ల కింద నిలబడితే కళ్ళే ముందు కనపడతాయి, మొహం తర్వాత. చీకటి పడ్డాక రెడీ అవ్వాల్సి వస్తే అద్దం దగ్గర 5000 కెల్విన్ బల్బు పెట్టుకోండి, ప్యాకెట్ మీద డేలైట్ అని రాసి ఉంటుంది.

ఈరోజు పాలెట్ అనస్తేషియా బెవర్లీ హిల్స్ అనే మేకప్ కంపెనీ వాళ్ళ మోడర్న్ రెనెసాన్స్. 2016లో వచ్చింది. మొత్తం 14 రంగులు, వరసకి ఏడు, ఒక్కోటి 0.7 గ్రాములు. ఇందులో 11 మాట్, అంటే మెరుపు లేనివి, మిగతా మూడూ మెరుపున్నవి. తెరవగానే అందరి చెయ్యీ వెనీషియన్ రెడ్, లవ్ లెటర్ అనే ఎరుపు, ముదురు గులాబీ రంగుల మీదకి వెళ్తుంది. అవి అందమైనవే, కాదనను. కానీ చామనఛాయ, గోధుమరంగు ఒంటికి ఈ పాలెట్‌లో అసలు పని చేసేవి బర్న్ట్ ఆరెంజ్, ఇటుక రంగులో ఉండే రియల్గార్. ఈ రెండూ సరిగ్గా కుదిరితే మిగతావన్నీ వాటంతట అవే కుదురుతాయి.

ఎందుకంటే, మనలో చాలామందికి కనురెప్పలు మొహం కంటే ఒకటి రెండు షేడ్లు ముదురుగా ఉంటాయి, ఆ నలుపులో కొంచెం నీలం, ఊదా ఛాయ కూడా కలిసి ఉంటుంది. ఆరెంజ్ ఆ నీలాన్ని కప్పేస్తుంది. అదే రెప్ప మీద నేరుగా టెంపెరా లాంటి లేత రంగు వేస్తే బూడిద రాసుకున్నట్టు తేలుతుంది. లేత రంగుల్లో తెల్ల పిగ్మెంట్ ఎక్కువ కదా, కింద ఉన్న నలుపుతో కలిసి అది బూడిదరంగు అవుతుంది.

ముందు ప్రైమర్, అంటే రంగు నిలవడానికి దాని కింద రాసే క్రీము. రెండు కళ్ళకీ కలిపి ఒక్క బియ్యపు గింజంత చాలు. ఉంగరం వేలితో అద్ది, నిమిషం ఆగండి. చలికాలం ఇక్కడ హీటర్ గాలికి రెప్పలు పొడిబారతాయి కాబట్టి, అరగంట ముందే కొంచెం మాయిశ్చరైజర్ రాసి, ప్రైమర్ వేసేముందు టిష్యూతో ఒత్తెయ్యండి. తడి మిగిలితే రెప్ప మడతలో గీత పడుతుంది. మరీ పొడిగా ఉంటే పొలుసుల మీద రంగు పేరుకుంటుంది.

ప్రైమర్ మీద నేరుగా ముదురు రంగు పెట్టకండి. జిగటగా ఉన్నచోట మొదటి అద్దకం అతుక్కుపోతుంది, ఇక ఎంత బ్లెండ్ చేసినా, అంటే అంచులు ఎంత కలిపినా, మచ్చ అక్కడే ఉండిపోతుంది. బ్లెండింగ్ రావట్లేదు అని చాలామంది బాధపడేది దీనివల్లే, చేతిలో లోపం ఏమీ లేదు. మీ చర్మం రంగుకి దగ్గరగా ఉన్న మాట్ షేడ్‌తో రెప్ప అంతా ఒకసారి పల్చగా అద్దండి. చామనఛాయకి రా సియెన్నా బాగుంటుంది, పసుపు ఛాయ ఎక్కువున్నవాళ్ళు గోల్డెన్ ఓకర్ తీసుకోవచ్చు.

ఇప్పుడు బర్న్ట్ ఆరెంజ్. ఈ మాట్ రంగులు చాలా మెత్తగా ఉంటాయి, బ్రష్ తిప్పి రుద్దితే పొడి లేచి పక్క రంగుల మీద పడుతుంది. బ్రష్ కొసని ఒక్కసారి అలా తాకించి, అంచు మీద రెండు సార్లు తట్టండి. పెద్ద, వదులు కుచ్చు ఉన్న బ్రష్ తీసుకుని, పిడిని చివర పట్టుకోండి. కుచ్చు దగ్గర పట్టుకుంటే చెయ్యి బరువంతా రెప్ప మీద పడుతుంది. కంటి బయటి మూల నుంచి మొదలుపెట్టి మడత వెంట లోపలికి, మళ్ళీ బయటికి. మొదటి రంగు ఎక్కడ ఆనితే అక్కడే ఎక్కువ దిగుతుంది కాబట్టి ముక్కు వైపు నుంచి మొదలుపెట్టొద్దు.

కళ్ళు తెరిచి, అద్దంలోకి తిన్నగా చూస్తూ వెయ్యండి. రెప్ప మడత లోపలికి దాక్కునే కళ్ళకి ఇది మరీ ముఖ్యం. కళ్ళు మూసి వేసిన రంగు తెరవగానే మాయమైపోతుంది. అలాంటివాళ్ళు మడతకి అర సెంటీమీటరు పైన వేసుకోవాలి.

ఆ తర్వాత రియల్గార్, ఇంకాస్త చిన్న బ్రష్‌తో, బయటి మూడో వంతులో మాత్రమే. మూడు పల్చటి పొరలు వెయ్యండి, ఒక మందపాటి పొర వద్దు. పొరకీ పొరకీ మధ్య రంగు అంటని శుభ్రమైన బ్రష్‌తో అంచు కలిపెయ్యండి.

ఎరుపు సంగతికి వద్దాం. వెనీషియన్ రెడ్ కనురెప్ప వెంట్రుకల మొదళ్ళకి తగిలిందంటే కళ్ళకలక వచ్చినట్టే ఉంటుంది. కన్ను వాచినా, ఏడ్చినా ఎర్రబడేది సరిగ్గా ఆ అంచే, చూసేవాళ్ళకి అదే గుర్తొస్తుంది. కాబట్టి ఎరుపుకీ కంటికీ మధ్య ముదురు గీత తప్పనిసరి. సైప్రస్ అంబర్ కాఫీ గింజ రంగు, దాన్ని సన్నటి బ్రష్‌తో వెంట్రుకల మొదట్లో అద్ది, లోపలి అంచున కాటుక పెట్టండి. కింది రెప్పకి ఎరుపు వద్దు, బ్రౌన్ ఒక్కటే. కాటుక మీద అదే సైప్రస్ అంబర్ పొడి అద్దితే రెండు గంటలకే కిందికి కారే కాటుక చాలాసేపు నిలుస్తుంది.

కాటుక గురించి ఒక మాట. ఊరి నుంచి తెచ్చుకునే డబ్బా సుర్మాలు, పేరూ ఊరూ లేని కాటుకలు కంటిలో పెట్టకండి, పిల్లలకి అసలే వద్దు. కొన్నిటిలో సీసం ఉంటుందని ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తూనే ఉంది. పదార్థాల జాబితా అచ్చువేసిన పెన్సిల్ కొనుక్కోండి.

జాబితా అంటే గుర్తొచ్చింది, శాకాహారులు, వీగన్‌లు ఏ వార్మ్ పాలెట్ కొన్నా బాక్స్ వెనక కార్మైన్ లేదా సీఐ 75470 ఉందేమో చూసుకోండి. అది కోచినీల్ అనే పురుగుల నుంచి తీసే ఎరుపు. బ్రౌన్, ఇటుక, ఆరెంజ్ రంగులు ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్‌లతో చేస్తారు, 77491, 77492, 77499 అంటే అవే. గులాబీ, ఎరుపు ఘాటుగా ఉన్న కొన్ని పాలెట్ల మీద ఆ రంగులు కంటి చుట్టూ వాడటానికి కాదు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమెరికాలో చాలా కృత్రిమ ఎరుపు రంగులకి కంటి దగ్గర వాడే అనుమతి లేదు, అందుకు ఆ మాట. అది చదివాకే కొనండి.

మెరుపుకి ప్రిమవేరా, లేత బంగారు రంగు. బ్రష్‌తో అయితే సగం చెంపల మీద రాలుతుంది. వేలితో రెప్ప మధ్యలో అద్దండి, రుద్దొద్దు. ఇంకా మెరవాలంటే చదును బ్రష్‌కి రంగు తీసుకున్నాక ఒక్కసారి నీళ్ళు చల్లండి. తడి బ్రష్‌ని పాలెట్‌లో పెడితే పైన గట్టి పొర కట్టి, తర్వాత రంగు రాదు. ఫౌండేషన్ ఇదంతా అయ్యాకే. రాలిన పొడిని పొడి బ్రష్‌తో దులిపేసి మొదలుపెట్టండి.

ఇక చీరలు! ఆకుపచ్చ ఉప్పాడకి రెడ్ ఓకర్, రియల్గార్ అద్భుతంగా ఉంటాయి. ఎర్ర కంచిపట్టుకి మాత్రం కళ్ళకి ఎరుపు వద్దనే నా గట్టి అభిప్రాయం. చీర ఎరుపు, బొట్టు ఎరుపు, లిప్‌స్టిక్ ఎరుపు ఉండగా కళ్ళు కూడా ఎరుపైతే చూపు ఎక్కడా నిలవదు. రా సియెన్నా, ప్రిమవేరా, కాటుక చాలు. పసుపు మంగళగిరికి లవ్ లెటర్ కొద్దిగా, బయటి మూలలో.

ఫొటోలు, రీల్స్ తీసేవాళ్ళు ఫోన్ ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపెయ్యండి. గదిలో పసుపు ఎక్కువైందనుకుని ఫోన్ రంగుల్ని చల్లబరుస్తుంది, బర్న్ట్ ఆరెంజ్ కాస్తా మట్టిరంగు అయిపోతుంది.

రాత్రి తీసేటప్పుడు ఎర్రవీ గులాబీవీ కొంచెం మరక వదులుతాయి. దూదికి మేకప్ రిమూవర్ పట్టించి, మూసిన కంటి మీద 20 సెకన్లు ఉంచి, కిందికి ఒక్కసారి తుడవండి. అటూ ఇటూ రుద్దితే మరక ఎలాగూ పోదు, రెప్ప మాత్రం మండుతుంది, రోజూ అలా రుద్దితే ఇంకా నల్లబడుతుంది. మిగిలిన మరకని అలాగే వదిలెయ్యండి, మర్నాడు మొహం కడిగేసరికి పోతుంది.