ఊరి నుంచి తిరిగొచ్చాక పిల్లలకు జ్వరమా? మలేరియా పరీక్ష అడగండి

[తెరపై: అమెరికాలో ఒక క్లినిక్, తల్లి ఒళ్లో జ్వరంతో ఉన్న పాప]

వ్యాఖ్యానం: అమెరికాలో మలేరియాను 1951 నాటికే నిర్మూలించారు. అందుకే అక్కడి డాక్టర్లకు, జ్వరంతో వచ్చిన పిల్లల్ని చూస్తే మలేరియా వెంటనే తట్టదు. వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లొచ్చిన పిల్లలకైతే తట్టి తీరాలి. వాళ్ల సెలవులు మన వానాకాలంలోనే పడతాయి. పాడేరు, అరకు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా పెరిగేదీ అప్పుడే. అమ్మానాన్నలు ఇక్కడే పుట్టి పెరిగినా, అమెరికాలో పుట్టిన పిల్లలకు దాన్ని తట్టుకునే శక్తి ఉండదు.

చలి, వణుకు, రోజు విడిచి రోజు జ్వరం... ఇవన్నీ కనిపించేదాకా ఆగకండి. పిల్లల్లో చాలాసార్లు వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, దగ్గు కనిపిస్తాయి. ఫ్లూ అనుకుని ఇంటికి పంపేసే ప్రమాదం అక్కడే ఉంది. పారాసిటమాల్ వేసి తీసుకెళ్తే, డాక్టర్ చూసే వేళకు ఒళ్లు చల్లగానే ఉండొచ్చు. ఇంట్లో జ్వరం వచ్చిందన్న మాట చాలు, పరీక్ష చేయాలి.

[తెరపై: క్యాలెండర్, ఆగస్టు నుంచి జనవరి దాకా పేజీలు తిరుగుతాయి]

దోమ కుట్టాక జ్వరం రావడానికి కనీసం వారం పడుతుంది. ఫాల్సిపారమ్ అనే మలేరియా రకం ఎక్కువగా 3 నెలల్లోపే బయటపడుతుంది. వైవాక్స్ అనే మరో రకం కాలేయంలో దాక్కుంటుంది. ఆగస్టులో తిరిగొచ్చిన పిల్లాడికి జనవరిలోనూ జ్వరం తెప్పించగలదు. కాబట్టి ఏడాది దాకా ఏ జ్వరం వచ్చినా, ఏ నెలలో ఏ ఊళ్లో ఉన్నారో డాక్టర్ అడగకముందే చెప్పండి.

[తెరపై: గాజు పలకపై రక్తపు చుక్క, మైక్రోస్కోప్]

రాపిడ్ టెస్ట్ ఒక్కటే సరిపోదు. పరాన్నజీవులు తక్కువగా ఉంటే అది పట్టుకోలేకపోవచ్చు. రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూడాలి, ఫలితం ఆ రోజే రావాలి. మొదటిసారి నెగెటివ్ వస్తే 12 నుంచి 24 గంటల తేడాతో మొత్తం 3 సార్లు చూడాలి. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీ అనే తేల్చేయకూడదు, మలేరియాలోనూ తగ్గుతాయి.

మగత, ఫిట్స్, ఆయాసం, ముదురు రంగు మూత్రం, ఏదీ కడుపులో నిలవకపోవడం: వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఫాల్సిపారమ్ ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. రక్తంలో షుగర్ పడిపోయిందేమో వెంటనే చూడాలి. తీవ్రమైన మలేరియాకు మాత్రలు కాదు, నరంలోకి ఆర్టిసునేట్ ఇవ్వాలి: మొదట ఒకటి, 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఒకటి.

వైవాక్స్ అయితే జ్వరం తగ్గడంతో పని అయిపోదు. కాలేయంలో మిగిలినదాన్ని చంపడానికి ప్రైమాక్విన్ ఇస్తారు, సాధారణంగా 14 రోజులు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్న పిల్లల్లో ఈ మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఆ లోపం ఉందో లేదో చూసే పరీక్ష ఫలితం చేతికి రాకుండా మొదటి మాత్ర వేయకండి.