అండమాన్ వెళ్లే ముందే అడ్వాన్స్‌డ్ చేయాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. సంక్రాంతి సెలవులకు సముద్రంలో దిగాలనుకుంటున్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల శ్రోతల కోసం ఇవాళ స్కూబా శిక్షకులు ఒకరు మనతో ఉన్నారు. మొదటి ఫోను కావలి నుంచి.

శ్రోత (కావలి): నమస్తే సార్. నేను మూడేళ్ల క్రితం అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో ఓపెన్ వాటర్... (కీచుమని శబ్దం)

వ్యాఖ్యాత: మీ రేడియో కాస్త తగ్గించండి బాబూ.

శ్రోత: తగ్గించాను సార్. ఓపెన్ వాటర్, అదే స్కూబాలో మొదటి కోర్సు, చేశాను. అప్పటి నాలుగు డైవ్‌లే, మళ్లీ దిగలేదు. జనవరిలో స్నేహితులతో అక్కడికే వెళుతున్నాను. వాళ్లందరికీ దాని తర్వాతి కోర్సు, అడ్వాన్స్‌డ్ ఉంది. నేను పడవలోనే కూర్చోవాలని ఆట పట్టిస్తున్నారు. ఈలోపు పుదుచ్చేరి వెళ్లి చేసి రమ్మంటారా?

శిక్షకుడు: అవసరం లేదు. మీ కార్డు మీద 18 మీటర్ల వరకు దిగవచ్చు. హేవ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, ఆ లోతు లోపలే చూడవలసినవి చాలా ఉన్నాయి. జానీస్ గోర్జ్, డిక్సన్స్ పినకిల్ వంటి లోతైన చోట్లకే అడ్వాన్స్‌డ్ అడుగుతారు. అది కావాలనిపిస్తే అక్కడే రెండు రోజుల్లో చేయవచ్చు. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ వారి పద్ధతిలో ఐదు డైవ్‌లు. లోతు, దిక్సూచితో దారి తెలుసుకోవడం తప్పనిసరి, మిగతా మూడు మీ ఇష్టం. అది పూర్తయితే 30 మీటర్లు.

శ్రోత: అయితే నేరుగా అదే మొదలుపెట్టనా?

శిక్షకుడు: తొందరపడకండి. మీకు ముందు కావలసింది రిఫ్రెషర్, అంటే నేర్చుకున్నదాన్ని మళ్లీ సాధన చేయడం. మూడేళ్లుగా మాస్కులో నీళ్లు తీసి ఎరగరు కదా! పేరు చూసి హడలిపోకండి. నాలుగూ ఐదూ కలిపితే తొమ్మిది. తొమ్మిది డైవ్‌లు చేసినవారు కూడా అడ్వాన్స్‌డే. అదే పేరుకు మరో శిక్షణ సంస్థ ఎస్‌ఎస్‌ఐ వారు 24 డైవ్‌లు అడుగుతారు. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి నాలుగింతలు. ఇక్కడ వంద నిమిషాలు వచ్చే గాలి అక్కడ పాతిక నిమిషాలకే అయిపోతుంది. దానికి తోడు నైట్రోజన్ మత్తు, అంటే లోతులో పీల్చే గాలిలోని నైట్రోజన్ వల్ల బుర్ర మందగించడం. నేను మొదటిసారి ఆ లోతుకు వెళ్లినప్పుడు గాలి గేజీని మూడుసార్లు చూశాను. ముల్లు కనిపిస్తూనే ఉంది, ఎంత మిగిలిందో మాత్రం బుర్రకెక్కలేదు. నాలుగు మీటర్లు పైకి రాగానే తేరుకున్నాను. శరీరం నీళ్లలో నిలకడగా నిలవడం రాకుండా అక్కడికి వెళ్లడం నాకు నచ్చదు. మీ స్నేహితులను ఒక ప్రశ్న అడగండి: చివరిసారి ఎప్పుడు దిగారు అని.

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి ఒక తల్లిగారు.

శ్రోత (ఒంగోలు): నమస్కారమండి. మా అమ్మాయి పాడీ సర్టిఫికెట్ తీసుకుంటానంటే, మా అత్తగారు గేదెలు కొంటున్నామా అని అడిగారు. (నవ్వులు) తను మాల్దీవులు వెళుతోంది. వారం రోజులు పడవలోనే ఉంటారట. ఆ పడవవాళ్లు అడ్వాన్స్‌డ్ కావాలంటున్నారు. డబ్బు గుంజడానికా అండి?

శిక్షకుడు: కాదమ్మా. ఇక్కడ నా జవాబు మారుతుంది. అక్కడ చాలా డైవ్‌లు ద్వీపాల మధ్య కాలువల్లో ఉంటాయి, ప్రవాహం బలంగా లాగుతుంది. ఒక్కరు తడబడితే జట్టంతా పైకి రావాలి. అందుకే అలాంటి పడవలు అర్హత, డైవ్‌ల లెక్క రెండూ చూస్తాయి. అమ్మాయి బయలుదేరకముందే పూర్తి చేసుకోవాలి. బీమా పత్రం కూడా చదవమనండి, అర్హతకు మించిన లోతులో ప్రమాదం జరిగితే చాలా పాలసీలు చెల్లించవు. ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలైనా ఉండాలి. ఉబ్బసం ఉందా అమ్మా?

శ్రోత: చిన్నప్పుడు ఉండేదండి.

శిక్షకుడు: అయితే డబ్బు కట్టకముందే డాక్టర్ దగ్గరకు. వైద్య ప్రశ్నపత్రంలో దాచవద్దు.

వ్యాఖ్యాత: కొత్తపట్నం నుంచి ఒక మత్స్యకార యువకుడు. త్వరగా చెప్పాలి తమ్ముడూ, సమయం లేదు.

శ్రోత (కొత్తపట్నం): సార్, నేను పుట్టింది సముద్రం ఒడ్డున. వల చిక్కుకుంటే మునిగి విడదీస్తాను. నేరుగా అడ్వాన్స్‌డ్‌లో చేరవచ్చా?

శిక్షకుడు: కుదరదు. మీకు భయం లేదు, అది సగం బలం. కానీ సిలిండర్ గాలి పీల్చి ఊపిరి బిగపట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. పది మీటర్ల లోతున పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపవుతుంది. మీకు బాగా వచ్చిన విద్యనే అక్కడ మరిచిపోవాలి. మొదటి కోర్సులో మొదటి పాఠం అదే.

శ్రోత: మా నాన్న ఊపిరి బిగపట్టమనే నేర్పారు సార్.

శిక్షకుడు: వల దగ్గర ఆయన మాటే వినండి. సిలిండర్ తగిలించుకున్నప్పుడు మాత్రం నా మాట.