అప్రైజల్ తక్కువ వచ్చిందా? ముందు రిపోర్టు చదవండి

శ్రోతలందరికీ నమస్కారం. నేను హోమ్ లోన్ల పని చేస్తుంటాను. లోన్ ఇచ్చే ముందు బ్యాంకు ఆ ఇంటికి విలువ కట్టిస్తుంది. దాన్నే అప్రైజల్ అంటారు, విలువ కట్టేవాళ్లు అప్రైజర్లు. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్రాస్పర్, ఇర్వింగ్ వైపు ఇల్లు కొంటున్న మనవాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఒకటుంది. "అన్నా, అప్రైజల్ తక్కువొచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?" ఆ సరికి ఆఫర్ ఖాయమై, వడ్డీ రేటు లాకై, గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టేసుకుని ఉంటారు.

లెక్క ఇలా ఉంటుంది. 5 లక్షల డాలర్లకు ఇల్లు మాట్లాడుకున్నారు. 20 శాతం మీరు కట్టాలి, మిగతా 4 లక్షలు లోన్. అప్రైజరు వచ్చి చూసి 4 లక్షల 70 వేలు అని రాశారు. ఒప్పుకున్న ధర, అప్రైజల్ విలువ, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే బ్యాంకు లెక్క కడుతుంది. 4 లక్షల 70 వేలలో 80 శాతమంటే 3 లక్షల 76 వేలు. అంటే మీరు చేతి నుంచి ఇంకో 24 వేలు తేవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, ఇచ్చిన సొమ్ము ఇంకొకటి కావడం కొత్తేమీ కాదు కదా. ఆ అలవాటుతో ఇక్కడి అప్రైజల్‌ని కూడా ఓ తంతు అనుకుంటారు. ఆ తంతే 24 వేలు అడిగితే అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

వెంటనే అప్రైజర్‌కి ఫోన్ చేసి వాదించాలనిపిస్తుంది. చెయ్యకండి. 2008 సంక్షోభానికి ముందు లోన్ ఇచ్చేవాళ్లు అప్రైజర్లను పట్టుకుని "మాకు ఈ అంకె రావాలి" అని ఒత్తిడి పెట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. 2010లో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం దాన్ని నిషేధించింది. అయితే అదే చట్టం కొన్ని పనులకు దారి ఉంచింది. మరికొంత సమాచారం చూడమని అడగొచ్చు, వివరణ అడగొచ్చు, తప్పులు దిద్దమని అడగొచ్చు. కాబట్టి "విలువ పెంచండి" అనడానికి లేదు. "ఇదిగో, ఈ వరుసలో తప్పుంది" అనొచ్చు. ఈ తేడా పట్టుకోలేకే చాలామంది ఉత్తరాలు బుట్టదాఖలవుతాయి. ఈ అభ్యర్థనను రీకన్సిడరేషన్ ఆఫ్ వాల్యూ అంటారు, పొట్టిగా ఆర్‌ఓవీ. అది మీ బ్యాంకు ద్వారానే వెళ్లాలి.

రిపోర్టు కాపీ ఉచితంగా తీసుకోవడం మీ హక్కు. క్లోజింగ్‌కు, అంటే చివరి సంతకాలు పెట్టి కొనుగోలు పూర్తిచేసే రోజుకు, కనీసం 3 పనిదినాల ముందు బ్యాంకు ఇచ్చి తీరాలి. కానీ అప్పటిదాకా ఆగితే దేనికీ టైముండదు. రిపోర్టు వచ్చిన రోజే పంపమని లోన్ ఆఫీసర్ని గట్టిగా అడగండి.

ఇక చదవడం. మొదట చదరపు అడుగులు చూడండి. బిల్డరు బ్రోషర్లో 2,840 అని ఉండి రిపోర్టులో 2,610 అని ఉందనుకోండి, ఎగిరి పడకముందు ఓసారి తలెత్తి హాలు పైకప్పు చూడండి. రెండంతస్తుల ఎత్తున్న హాలు పైభాగంలోని ఖాళీ జాగా లెక్కలోకి రాదు. అట్లాంటా, న్యూజెర్సీ వైపు శ్రోతలకు ఇంకో మాట. భూమట్టానికి కింద ఉన్న బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ కట్టినా, పూజగది కట్టినా, ఆ అడుగులు పైఅంతస్తుల అడుగులతో కలవవు. వాటికి వేరే వరుస ఉంటుంది. ఆ వరుసను ఖాళీగా వదిలేశారా అన్నది మాత్రం చూడాల్సిందే. బెడ్‌రూములు, బాత్‌రూములు, గ్యారేజీ సరిగ్గా లెక్కపెట్టారా, ఇంటి కండిషన్‌కు సి1 (అన్నిటికన్నా మంచిది) నుంచి సి6 వరకు ఇచ్చే గ్రేడు సరిపోయిందా చూడండి. పోయినేడాది వంటిల్లు, బాత్‌రూములు మొత్తం కొత్తగా చేయించిన ఇంటికి సి4 పడితే అడగాల్సిన విషయమే.

అసలు కథ అంతా కంపారబుల్స్ పట్టికలో ఉంటుంది. కంప్స్ అంటారే, అవి. ఈమధ్య అమ్ముడైన ఇళ్లు కనీసం మూడు, మీ ఇంటి పక్కన నిలువు గడుల్లో పెడతారు. తేడా ఉన్నచోట కూడికలు, తీసివేతలు. ఇక్కడ చాలామంది తికమక పడతారు. ఆ కూడికలు, తీసివేతలు మీ ఇంటికి కాదు, పోలికకు పెట్టిన ఇంటికి. దానికి మూడు కార్ల గ్యారేజీ ఉండి మీకు రెండే ఉంటే, దాని ధరలోంచి తీసేస్తారు. మైనస్ కనిపించగానే మీకు కోత పడిందని గాభరా పడక్కర్లేదు.

మీ తరఫున వేరే కంప్స్ చూపించాలంటే టెక్సస్‌లో ఓ చిక్కుంది. ఇల్లు ఎంతకు అమ్ముడైందో ఇక్కడ ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు. కౌంటీ వెబ్‌సైట్లో కనిపించేది పన్ను కోసం వేసిన విలువ. జిల్లో లాంటి ఇళ్ల వెబ్‌సైట్ చూపించే అంకె కంప్యూటర్ అంచనా. రెండూ సాక్ష్యానికి పనికిరావు. అమ్ముడైన ధరలు ఎమ్‌ఎల్‌ఎస్‌లో, అంటే ఇళ్ల ఏజెంట్లు వాడే ఉమ్మడి జాబితాలో ఉంటాయి, అవి మీ ఏజెంటే తీసివ్వాలి. కొత్త కమ్యూనిటీల్లో బిల్డరు అమ్మినవి చాలాసార్లు ఎమ్‌ఎల్‌ఎస్‌లోకే ఎక్కవు, అప్రైజర్ కంట పడకపోయి ఉండొచ్చు. బిల్డరు సేల్స్ ఆఫీసుకెళ్లి, మీ ప్లాన్ లాంటివి ఈమధ్య ఏవి క్లోజయ్యాయో, ఎంతకు క్లోజయ్యాయో కాగితాలు అడగండి. అమ్ముకోవాలన్న తొందర వాళ్లకూ ఉంటుంది, ఇస్తారు.

ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ఉదాహరణకు: "రెండో కంపారబుల్ టోల్‌వే అవతల ఉంది, స్కూల్ డిస్ట్రిక్ట్ వేరు, అమ్ముడై 11 నెలలైంది. మా వీధిలోనే ఇదే ఫ్లోర్ ప్లాన్ ఇల్లు రెండు నెలల కిందట క్లోజయింది. వివరాలు జతచేశాం. దయచేసి పరిశీలించండి." ఇంతే. బ్యాంకుల నుంచి హోమ్ లోన్లు కొనే పెద్ద సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ 2024లో పెట్టిన నియమాల ప్రకారం, ఒక అప్రైజల్ మీద కొనేవాళ్లు ఒక్కసారే ఇలా అడగొచ్చు, అదీ పోలికకు 5 ఇళ్లకు మించి చూపకుండా. ఉన్న ఒక్క అవకాశాన్ని కోపంతో ఖర్చు చేసుకోకండి. అప్రైజల్ తేదీ తర్వాత క్లోజయిన ఇళ్లను జతచేయకండి.

తూర్పు ముఖం సంగతి అడుగుతారని తెలుసు. ఈస్ట్ ఫేసింగ్ లాట్ కోసం మనవాళ్లు వేలకు వేలు ప్రీమియం కడతారు. వాస్తు కోసం కట్టామంటే అప్రైజర్ లెక్కలోకి తీసుకోరు. అదే కమ్యూనిటీలో, అదే ప్లాన్‌లో, తూర్పు ముఖం ఇళ్లు పడమర ముఖం ఇళ్లకన్నా ఎక్కువకు అమ్ముడయ్యాయని జంటలు జంటలుగా చూపిస్తే అప్పుడది మార్కెట్ మాట అవుతుంది. "ఇక్కడ మన ఇండియన్స్ ఎక్కువ, అందుకే డిమాండ్" అని మాత్రం రాయకండి. ఏ జాతివాళ్లు ఉంటున్నారన్నదాన్ని బట్టి ఇంటికి విలువ కట్టడం ఇక్కడ చట్టవిరుద్ధం.

ఇంత చేసినా అంకె మారకపోవచ్చు. నన్నడిగితే, నిజంగానే ఎక్కువ పెట్టి కొంటున్నామేమో అని ఆలోచించాల్సిన సమయం అదే. రిపోర్టు అమ్మేవాళ్లకు చూపించి ధర తగ్గించమనండి, కొంత వాళ్లు, కొంత మీరు అన్నా సరే. లేదంటే లోన్‌ను 4 లక్షలుగానే ఉంచమని బ్యాంకును అడగండి. అప్పుడది విలువలో 85 శాతం దాటుతుంది కాబట్టి నెలనెలా పీఎమ్ఐ, అంటే బ్యాంకు రక్షణ కోసం మీరు కట్టే లోన్ ఇన్సూరెన్స్, పడుతుంది. 24 వేలు ఒక్కసారిగా తేవడంకన్నా కొందరికి అదే నయం. ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్న) లోన్ అయితే బ్యాంకు మారినా లాభం తక్కువ, ఆ అప్రైజల్ ఆ ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుంది.

వెనక్కి తగ్గాలనుకుంటే కాంట్రాక్టు తీయండి. అప్రైజల్ తక్కువొస్తే తప్పుకునే హక్కు మీకుందా, పోటీలో గెలవాలని ఆఫర్ రోజున దాన్ని వదులుకుంటూ సంతకం పెట్టారా, గడువు ఏ తేదీ అన్నది అందులోనే ఉంటుంది. బిల్డరు కాంట్రాక్టుల్లో ఆ హక్కు చాలాసార్లు ఉండదు. ఆర్‌ఓవీ పంపారని ఆ గడువు ఆగదు. ఇండియా నుంచి అమ్మానాన్నల చేత డబ్బు తెప్పించుకునే ఆలోచన ఉంటే గిఫ్ట్ లెటర్ (ఇది అప్పు కాదు, కానుక అని రాసిచ్చే ఉత్తరం), బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి, వాటికి రోజులు పడతాయి. ఆర్‌ఓవీ జవాబు వచ్చేదాకా ఆగకుండా ఆ పని కూడా అదే వారం మొదలుపెట్టండి. నమస్కారం.