ఆ హార్డ్‌డిస్క్ వైరు తీసేయండి

పెద్దలకు, వర్తక సంఘం సభ్యులకు నమస్కారం. డిజిటల్ చెల్లింపుల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ ముక్క ముందే చెప్పేస్తాను. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి అన్నాడంటే వాడు దొంగ. మోసపోతే తెల్లారేదాకా ఆగకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

మిగతా సమయం మా కొట్టు గురించి చెప్పుకుంటాను. అధ్యక్షులవారు మన్నించాలి.

తెనాలి పక్కన మాది ఎరువుల కొట్టు, నాన్న పెట్టింది. 2019 నవంబరులో, సార్వా కోతలు మొదలయ్యే రోజుల్లో, ఒక పొద్దున లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అందులో మా కొట్టు ఖాతాలే కనిపించలేదు. ఫోల్డర్‌లోకి వెళ్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏదో కొత్త తోక. పక్కనే ఇంగ్లీషులో ఒక నోట్. మీ ఫైళ్లకు తాళం వేశాం, తీయాలంటే 980 డాలర్లు, 72 గంటల్లోపైతే 490 అని.

ముందురోజు రాత్రి ఒక సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా వాడుకుందామని క్రాక్ దించాను. యాంటీవైరస్ ఆపితేనే పనిచేస్తుందని అందులో ఉంది. ఆపాను. నా చేత్తోనే ఆపాను.

బ్యాకప్, అంటే ఫైళ్లకు విడిగా ఇంకో నకలు, లేదా అంటే ఉంది. రోజూ తీసేవాణ్ణి. కానీ ఆ హార్డ్‌డిస్క్ ఎప్పుడూ సీపీయూ మీదే, వైరు తగిలించే ఉండేది. కంప్యూటర్‌కు ఏవేవి అందుతాయో అన్నిటికీ తాళం పడింది. జీఎస్టీ పోర్టల్‌లో అమ్మకాల మొత్తం దొరికింది. ఏ రైతు ఎంత బాకీ అన్నది అక్కడ ఉండదు కదా.

మూడు రోజులు నాన్నకు చెప్పలేకపోయాను. లెక్క చూడు బాబూ అని రైతులు వస్తే కంప్యూటర్ రిపేరులో ఉందన్నాను. నాలుగో రోజు చెప్పాను. నాన్న తిట్టలేదు. "చీటీలు వాళ్ల దగ్గరుంటాయిరా, పద" అన్నారు.

ఊరూరా తిరిగాం. ఒక ఇంట్లో పెద్దావిడ తలుపు వెనక తీగకు గుచ్చిన చీటీలు తెచ్చి నా ముందు పెట్టింది. అన్నీ నా చేతిరాతే. మూడు యూరియా కట్టలు, ఒక జింకు. "ఇంకో డీఏపీ కట్ట మా తమ్ముడు తెచ్చాడయ్యా, దానికి చీటీ లేదు, నా పేరునే రాసుకో" అంది. అది నాకు గుర్తే లేదు. అందరూ అలా చెప్పారని అనను. ఎంత రాలేదో ఇప్పటికీ తెలియదు, లెక్కే పోయింది గనక.

ఇక్కడ మిల్లులవాళ్లున్నారు, బట్టల కొట్లవాళ్లున్నారు. డీ డ్రైవ్‌లో బ్యాకప్ పెట్టుకున్నాం అంటారు. చాలా కంప్యూటర్లలో డీ డ్రైవ్ వేరే డిస్కు కాదండీ, ఒకే ఇంట్లో రెండో గది. నిప్పంటుకుంటే రెండు గదులూ కాలతాయి. దయచేసి దాన్ని బ్యాకప్ అనుకోకండి.

అప్‌డేట్ల సంగతి కూడా. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ఒకటి ప్రపంచమంతా ఇలాగే తాళాలు వేసింది. దాన్ని ఆపే విండోస్ అప్‌డేట్ ఆ మార్చిలోనే వచ్చింది. రెండు నెలలు వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీ కొట్లో ఏది ఉందో రేపు చూడండి.

ఇప్పుడు నా దగ్గర రెండు హార్డ్‌డిస్కులున్నాయి. ఒకటి కొట్లో, ఒకటి ఇంట్లో బీరువాలో. వారం వారం మారుస్తాను. రాసుకోవడం అయ్యాక వైరు తీసేస్తాను. నెలకోసారి మా చెల్లి లాప్‌టాప్‌లో ఆ బ్యాకప్ తెరిచి, నాలుగు ఖాతాలు చూస్తాను. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

భోజనాలకు ఇంకా టైముంది. లాప్‌టాప్ తెచ్చినవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే బ్యాకప్ కనిపిస్తుంది. మీ పెన్‌డ్రైవ్‌లోకి ఇప్పుడే తీసుకుందాం. అయ్యాక మీ చేత్తోనే దాన్ని పీకి జేబులో వేసుకోండి.