ఆ "మ్యాజిక్ ఈక్యూ" స్క్రీన్‌షాట్ డిలీట్ చెయ్యండి, ఇప్పుడే!

ఆ స్క్రీన్‌షాట్ మీ గ్యాలరీలో ఉందా లేదా? నిజం చెప్పండి. ఈక్యూ అంటే ఈక్వలైజర్, పాటలో బేస్‌నీ (ఎడమవైపు), మధ్య సౌండ్‌నీ, సన్నని సౌండ్‌నీ (కుడివైపు) విడివిడిగా పెంచే, తగ్గించే స్లైడర్లు. అందులో గీత ఎడమవైపు ఆకాశంలో, మధ్యలో పాతాళంలో, కుడివైపు మళ్ళీ ఆకాశంలో. కింద పెద్ద అక్షరాలతో "ఈ సెట్టింగ్ పెడితే పదిహేను వందల ఇయర్‌బడ్స్ పదిహేను వేల బడ్స్ అయిపోతాయి" అని. పోయిన వీడియోలో అది ఉత్త బోగస్ అన్నందుకు కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. ఉతకండి, పర్లేదు. ఇవాళ ఇంకా గట్టిగా చెప్తా.

మీరు విని "అబ్బ, ఏముంది బ్రో" అంటున్నది క్వాలిటీ కాదు. వాల్యూమ్. వట్టి వాల్యూమ్!

ఒకే పాట రెండుసార్లు వినిపించి, రెండోసారి చెప్పకుండా కొంచెం సౌండ్ పెంచితే చాలు, రెండోదే బాగుందంటాం. మన చెవి అంతే. మిక్సింగ్ చేసేవాళ్ళని అడగండి, రెండింటి లెవెల్ సమానం చెయ్యకుండా పోల్చి చూడరు. రీల్ వాడు చేస్తాడా అది? స్లైడర్లన్నీ పైకి తోస్తాడు, సౌండ్ పెరుగుతుంది, కళ్ళు పెద్దవి చేసుకుని కెమెరా వైపు చూస్తాడు. లైకులే లైకులు.

ఐఫోన్‌లో "లేట్ నైట్" అనే ఈక్యూ ఉంటుంది చూడండి, అదీ ఇదే కథ. ఎయిర్‌పాడ్స్ సౌండ్ పెంచే రహస్యం అంటూ ప్రపంచమంతా తిప్పారు. రహస్యమా బొందా! పాటలో మెల్లగా ఉన్న భాగాల్ని పైకి లేపుతుంది, అంతే. పైగా ఆ ఈక్యూ ఆపిల్ మ్యూజిక్ యాప్‌కి తప్ప దేనికీ పనిచెయ్యదు. అది ఆన్ చేసి యూట్యూబ్‌లో పాట పెట్టుకుని "తేడా మామూలుగా లేదన్నా" అనేవాళ్ళున్నారు. ఏం తేడా విన్నావు తమ్ముడూ?

ఇప్పుడు లెక్కలోకి రండి. 6 డెసిబెల్స్ పెంచితే సిగ్నల్ ఎత్తు రెండింతలవుతుంది. ఇప్పుడొచ్చే పాటల్లో చాలావరకు మాస్టరింగ్‌లోనే (విడుదలకి ముందు చేసే చివరి సౌండ్ సర్దుబాటులోనే) పైకప్పుకి ఆనించేసి వదులుతున్నారు, ఇంకా పెరగడానికి చోటే లేదు. మీరు బేస్ ఇంకో 6 పెంచితే ఎక్కడికి పోవాలి అది? కప్పుకి కొట్టుకుని తల తెగుతుంది. క్లిప్పింగ్ అంటే అదే. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా "చర్ర్" మంటుందే, అది బేస్ కాదు బాబూ, విరిగిన సౌండ్. కొన్ని యాప్‌లు తెలివిగా మొత్తం లెవెల్ దించేస్తాయి. అప్పుడేమైంది? అన్ని స్లైడర్లూ పైకి తోశారు, యాప్ అన్నీ కలిపి కిందకి లాగింది. బయల్దేరిన చోటికే వచ్చారు!

అందుకే మొత్తుకుంటున్నా, పెంచకండి, తగ్గించండి. బేస్ కావాలా? బేస్ ముట్టుకోకండి. మిగతావి ఒక 3 దించి వాల్యూమ్ పెంచుకోండి. యాప్‌లో ప్రీయాంప్ (మొత్తం లెవెల్ మార్చే స్లైడర్) ఉంటే, మిగతా స్లైడర్ ఎంత పెంచితే దాన్ని అంత దించండి.

ఆ మధ్యలో పాతాళం ఉంది చూశారూ, నాకు ఒళ్ళు మండేది అక్కడే. 1000 నుంచి 4000 హెర్ట్జ్. మాట స్పష్టంగా వినపడాలంటే ఆ చోటు కావాలి. గాయకుడు ఉండేదీ అక్కడే, సాహిత్యం ఉండేదీ అక్కడే. సరిగ్గా అక్కడ గొయ్యి తవ్వేసి, "ఈ మధ్య పాటల్లో లిరిక్స్ ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అని మ్యూజిక్ డైరెక్టర్లని తిడతారు! పాపం వాళ్ళేం చేశారండీ? మాట వినపడక వాల్యూమ్ ఇంకా పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే? 4 గంటలు. వారం మొత్తానికి!

కుడివైపు చివర 16 కిలోహెర్ట్జ్ స్లైడర్ గురించి ఒక్క మాట. యాభై దాటిన బాబాయిల్లో చాలామందికి అది వినపడనే వినపడదు. దాన్ని తోసి "క్లారిటీ పెరిగిందిరా" అంటారు. అననివ్వండి, వాళ్ళ ఆనందం వాళ్ళది.

ఇక నా థియరీ. తిట్టుకున్నా సరే. బడ్స్ అమ్ముడయ్యేది మొదటి పది సెకన్లలో. షాపులో చెవిలో పెట్టుకోగానే "ధమ్" అనాలి. అందుకే చవక బడ్స్‌లో "నార్మల్" అని రాసి ఉన్న ట్యూనింగే బేస్‌తో నింపేసి పంపుతారు. దాని మీద "బేస్ బూస్ట్" బటన్ ఒకటి. యాప్‌లో ఈక్యూ ఎందుకిచ్చారంటే, బాగా లేకపోతే తప్పు మన సెట్టింగ్‌దే అనుకోవాలని!

"అన్నా, నాకు బారాత్‌లో డీజే లెక్క కావాలె" అని ఒకాయన కామెంట్. బారాత్‌లో డీజే బాక్స్ ముందు అదిరేది చెవి కాదు బ్రదర్, ఛాతీ. ఆ గాలి ఒంటికి తగులుతుంది. చెవిలో 10 మిల్లీమీటర్ల డ్రైవర్ (బడ్స్ లోపలి బుల్లి స్పీకర్) ఎంత గింజుకున్నా మీ ఛాతీని కదపలేదు. ఏ యాప్ వల్లా కాదు.

నిజంగానే బేస్ లేదా? ముందు టిప్ (బడ్స్ చివరి రబ్బరు తొడుగు) మార్చండి. డబ్బాలో చిన్నది, పెద్దది అలాగే కవర్లో పడి ఉంటాయి, అందరూ కంపెనీ తొడిగిన మీడియమే వాడతారు. టిప్ బిగుతుగా కూర్చోకపోతే బేస్ అంతా సందులోంచి కారిపోతుంది. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని రూలేం లేదు. చెవి కాలువ కూడా ఒక్కొక్కరిది ఒక్కో తీరు. దాని సహజమైన మోత (అది తనంతట తానే పెంచి వినిపించే సౌండ్) 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, కానీ మీదీ నాదీ సరిగ్గా ఒకచోట ఉండదు. మరి ఒకే స్క్రీన్‌షాట్ అందరికీ ఎలా సరిపోతుందండీ?

ఇంకోటి. 1933లోనే అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు, సౌండ్ తక్కువలో ఉంటే చెవికి బేస్ సరిగా ఆనదు అని. రాత్రి మెల్లగా వింటూ బేస్ కలుపుకుంటే అర్థముంది. అదే సెట్టింగ్‌తో పొద్దున అమీర్‌పేట్ మెట్రోలో వాల్యూమ్ పెంచితే బేస్ ఎక్కువైపోయి అంతా బురదే.

"నాకు నచ్చినట్టు వింటా, నీకేంటి నొప్పి" అంటారా? వినండి. కానీ ఒక్క పని చెయ్యండి. ఈక్యూ ఆన్‌లో, ఆఫ్‌లో వాల్యూమ్ సమానం చేసి, ఫోన్ మీ చెల్లి చేతికో రూమ్‌మేట్ చేతికో ఇచ్చి, మీకు చెప్పకుండా మార్చమనండి. ఏది ఏదో పట్టుకోండి చూద్దాం. బడ్స్ పేరు, టిప్ సైజు, ఏ స్లైడర్ ఎంత దించారు, కామెంట్లో రాయండి. పెంచినవి రాశారంటే పిన్ చేసి మరీ ఆడుకుంటా.