ఊరి రేడియోలో మాట్లాడేది ఆ ఊరివాళ్లేనా?

[కెమెరా వైపు నేరుగా]

రేడియోలో చేరాలని ఉన్న పిల్లల దగ్గర ఒక మాట పదే పదే వింటున్నాను. "మాది నెల్లూరండీ. వైజాగ్ ఎఫ్ఎంకి అప్లై చేసినా లాభం లేదట, అక్కడ వైజాగ్ వాళ్లనే తీసుకుంటారట." ఈ మాట నమ్మి డెమో రికార్డింగ్ కూడా పంపకుండా ఆగిపోతున్నారు. అదీ నా బాధ. రేడియో వినేవాళ్ల దగ్గరికి వెళ్తే దీనికి సరిగ్గా ఎదురు మాట వినిపిస్తుంది. "బయటివాళ్లని తెచ్చి పెట్టబట్టే మన ఊరి రేడియో మన ఊరిలా లేకుండా పోయింది" అంటారు.

రెండు మాటలూ తప్పే. రెండింటిలోనూ ఉన్న పొరపాటు ఒకటే. బయటి మనిషిని తెచ్చి ఊళ్లో కూర్చోబెట్టడం ఒక పద్ధతి. మనిషిని ఎక్కడో ఉంచి గొంతు మాత్రం ఊళ్లోకి పంపడం ఇంకో పద్ధతి. మొదటిది ఎప్పటినుంచో జరుగుతోంది, దానివల్ల ఊరికి నష్టమేమీ లేదు. గొడవంతా రెండోదానితోనే. కానీ జనం కోపం మాత్రం మొదటిదాని మీదకి పోతోంది.

ఆర్టీసీ కండక్టర్‌ని తీసుకోండి. వేరే జిల్లా నుంచి ట్రాన్స్‌ఫర్ మీద మీ డిపోకి వచ్చింది. మొదటి వారం స్టేజీల పేర్ల దగ్గర తడబడుతుంది. ఆరు నెలలు అదే రూట్‌లో తిరిగాక చూడండి. సంత రోజు ఏ స్టేజీలో గంపలు ఎక్కుతాయో, ఏ కాలేజీ ముందు సాయంత్రం బస్సు నిండిపోతుందో, వాగు పొంగితే బస్సు ఎటు తిప్పాలో ఆమెకి కొట్టిన పిండి. ఆమెది ఏ ఊరని ఎవరూ అడగరు. ఇప్పుడు అదే బస్సులో కండక్టర్‌ని తీసేసి, "తర్వాతి స్టేజి ఫలానా" అని చెప్పే రికార్డింగ్ పెట్టారనుకోండి. గొంతు తియ్యగానే ఉంటుంది. రోడ్డు తవ్వేసి బస్సు పక్క వీధిలోంచి వెళ్తున్నా అది పాత స్టేజి పేరే చెబుతుంది. ఈ కండక్టర్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

[స్క్రీన్ మీద: ప్రైవేట్ ఎఫ్ఎం]

ప్రభుత్వం 2005లో తెచ్చిన రెండో దశ ఎఫ్ఎం పాలసీతో మన దగ్గర హైదరాబాద్, విజయవాడ, తిరుపతి, రాజమండ్రి, వరంగల్‌లలో ప్రైవేట్ ఎఫ్ఎంలు మొదలయ్యాయి. ఈ స్టేషన్లు ఆర్జేలని, అంటే షో నడిపే రేడియో జాకీలని తీసుకునేటప్పుడు సొంతూరు ఏదన్నది అడ్డంకి కాదు. వాళ్లు చూసేది లింక్. అంటే రెండు పాటల మధ్య దొరికే అర నిమిషంలో మీరు ఏం మాట్లాడతారు, ఎక్కడ ఆపుతారు, ఫోన్‌లో ఉన్న మనిషి మాట వింటున్నారా లేక మీ తర్వాతి డైలాగ్ కోసం కాచుకుని కూర్చున్నారా అన్నది. ఒకే కంపెనీకి నాలుగు ఊళ్లలో స్టేషన్లు ఉంటే, చిన్న ఊళ్లో రాటుదేలిన ఆర్జేని పెద్ద ఊరికి పిలుస్తారు. కొత్త స్టేషన్ తెరిచినప్పుడు అనుభవం ఉన్నవాళ్లని పక్క ఊరి నుంచి తెచ్చుకుంటారు. మార్నింగ్ షో స్టేషన్‌కి గుండెకాయ లాంటిది, యాడ్స్ డబ్బు ఎక్కువ వచ్చేది అక్కడే. దాన్ని నడపగలిగిన మనిషి దొరికితే ఊరు చూసి వదులుకోరు.

ఊరు తెలియక్కర్లేదని కాదు. కూడలిని హైదరాబాద్‌లో చౌరస్తా అంటారు, బెజవాడలో సెంటర్ అంటారు, వైజాగ్‌లో జంక్షన్ అంటారు. వైజాగ్‌లో కూర్చుని మద్దిలపాలెం చౌరస్తా అన్నారంటే వినేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. ఇది నేర్చుకుంటే వచ్చేదే, కండక్టర్ స్టేజీల పేర్లు నేర్చుకున్నట్టు. కానీ దిగిన రెండో రోజు నుంచే ఆ ఊరి యాస తెచ్చిపెట్టుకుని మాట్లాడే ఆర్జేలు ఉంటారు, అది మాత్రం నాకు అస్సలు నచ్చదు. ఎవరి యాసైనా వాళ్ల ఇంట్లోంచి వచ్చింది, దాన్ని వేషంలా వేసుకోకూడదు. మీ యాసలో మీరు మాట్లాడండి. ఊరి విషయాలు మాత్రం తప్పు లేకుండా చెప్పండి. వినేవాళ్లు మిమ్మల్ని తమలో కలుపుకుంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన దేశంలో ప్రైవేట్ ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలని మార్చకుండా ప్రసారం చేయొచ్చు, అంతే. మరి వాళ్లకి చెప్పడానికి ఏం మిగిలింది? 2011 నాటి మూడో దశ పాలసీ ఆ జాబితా ఇచ్చింది. ట్రాఫిక్, వాతావరణం, స్థానిక పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాలు, పరీక్షలు, ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగావకాశాలు, నీళ్లు, కరెంటు లాంటి పౌర సదుపాయాల సమాచారం, తుపాను లాంటి విపత్తుల హెచ్చరికలు. ఇవేవీ వార్తల కిందకి రావు, చెప్పుకోవచ్చు అంది.

ఈ జాబితా ఇంకోసారి చూడండి. దాదాపు అంతా ఊరి సంగతే. పాటలు ఈ రోజు ఫోన్‌లో ఎక్కడైనా దొరుకుతాయి. ఎఫ్ఎం మాత్రమే ఇవ్వగలిగింది "ఈ రోజు ఫలానా ఫ్లైఓవర్ కింద నీళ్లు నిలిచాయి, అటు వెళ్లకండి" అన్న మాట. మన కండక్టర్ బస్సులో నిలబడి "ముందు రోడ్డు మూసేశారు, ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఇక్కడే దిగండి" అని అరిచే మాట అది. కిటికీలోంచి చూస్తే తప్ప ఆ మాట పుట్టదు.

[స్క్రీన్ మీద: వాయిస్ ట్రాకింగ్]

మరి కిటికీ లేకుండా ఎలా నడుపుతారు? నాలుగు గంటల షోలో పాటలు, యాడ్స్, జింగిల్స్ తీసేస్తే ఆర్జే మాట్లాడేది చాలా తక్కువ. ఆ ముక్కలన్నీ ఒకేసారి కూర్చుని రికార్డు చేసేయొచ్చు. సాఫ్ట్‌వేర్ ఏ ముక్కని ఏ పాట ముందు పెట్టాలో చూసుకుంటుంది. దీన్నే వాయిస్ ట్రాకింగ్ అంటారు. ఒక మనిషి ఒక ఊళ్లో కూర్చుని ఊరి పేర్లు మార్చి మార్చి ఒక్క రోజులో చాలా ఊళ్లకి షోలు చేయొచ్చు. వినేవాళ్లకి తేడా తెలియదు, ఊళ్లో ఏదో జరిగేదాకా.

దీనికి పక్కనే ఇంకోటి ఉంది, నెట్‌వర్కింగ్. ఒక చోట తయారైన షోని అదే కంపెనీ తన మిగతా స్టేషన్లలోనూ వేయడం. రెండో దశ పాలసీలో దీన్ని చిన్న ఊళ్లకే, అది కూడా ఒక ప్రాంతం లోపలే అనుమతించారు. మూడో దశలో దేశంలో ఎక్కడున్నా సొంత స్టేషన్ల మధ్య వేసుకోవచ్చన్నారు. కంపెనీల వైపు నుంచి చూస్తే దీనికి కారణం ఉంది. చిన్న ఊళ్లో యాడ్స్ తక్కువ, ముగ్గురు నలుగురు ఆర్జేల జీతాలు గిట్టవు. ఆ ఇబ్బంది నిజమే. కానీ ఖర్చు తగ్గించడానికి అన్నిటికంటే ముందు తీసేస్తున్నది కండక్టర్‌నే, నా అభ్యంతరం అక్కడ.

ఈ దారిలో అందరికంటే ముందు నడిచింది అమెరికా. 1996లో అక్కడ టెలికాం చట్టం మార్చి, ఒక కంపెనీ దేశమంతా ఇన్నే స్టేషన్లు పెట్టుకోవాలన్న పరిమితి ఎత్తేశారు. క్లియర్ చానల్ అనే కంపెనీ కొన్నేళ్లలోనే పన్నెండు వందల దాకా స్టేషన్లు కొనేసింది. నార్త్ డకోటా రాష్ట్రంలో మైనాట్ అని నలభై వేల లోపు జనాభా ఉన్న ఊరు. ఆ ఊళ్లోని ఆరు కమర్షియల్ స్టేషన్లూ ఆ ఒక్క కంపెనీవే. 2002 జనవరి 18న, అర్ధరాత్రి దాటాక, ఊరి పక్కనే గూడ్స్ రైలు పట్టాలు తప్పింది. ట్యాంకర్లు పగిలి అమ్మోనియా మేఘంలా ఊరి మీదకి వచ్చింది. బయట గడ్డకట్టే చలి. ఇంట్లోనే ఉండాలా, పారిపోవాలా? జనం రేడియో పెట్టారు. పాటలు వస్తున్నాయి. స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదని పోలీసులు చెప్పారు. మా మనిషి లోపలే ఉన్నాడు, అత్యవసర హెచ్చరిక పరికరాన్ని పోలీసులే సరిగ్గా వాడలేదని కంపెనీ చెప్పింది. తప్పు ఎవరిదన్న వాదన అలాగే ఉండిపోయింది. ఒకరు చనిపోయారు, వందల మంది ఆ గాలి పీల్చి జబ్బుపడ్డారు. ఆ మేఘాన్ని చూస్తూ మైకు ముందు మాట్లాడే మనిషి అప్పుడు కావాలి. ఆ మనిషి మైనాట్‌లో పుట్టాడా, టెక్సాస్‌లో పుట్టాడా అన్నది ఆ రాత్రి ఎవరికీ అక్కర్లేదు.

లైసెన్సు ఇచ్చిన ఊళ్లోనో, దాని దగ్గర్లోనో స్టూడియో ఉండాలన్న నియమం ఒకటి అమెరికాలో దశాబ్దాలుగా ఉండేది. 2017లో దాన్ని కూడా తీసేశారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. గొంతు దూరం నుంచి వచ్చినా జనం వినలేదా? హిందీ సినిమా పాటల షోతో దేశమంతా పేరు తెచ్చుకున్న అమీన్ సయానీ సంగతేమిటి? 1952లో మొదలైన బినాకా గీత్‌మాలాని ఆయన బొంబాయిలో రికార్డు చేసేవారు, టేపులు కొలంబో వెళ్లి రేడియో సిలోన్ నుంచి మోగేవి. తెలుగు వార్తలు కూడా దశాబ్దాల పాటు ఢిల్లీ నుంచే చదివారు. పల్లెల్లో పనులు ఆపి మరీ విన్నారు కదా? విన్నారు. అవి నాన్‌స్టాప్ బస్సులు. మధ్యలో స్టేజీలు లేవు, అందరూ ఎక్కేది ఒకచోట, దిగేది ఒకచోట. వాటిలో స్టేజీ పేర్లు చెప్పే పనే లేదు. నా మాట పల్లెవెలుగు గురించి. ప్రతి స్టేజీలో ఆగాల్సిన బస్సుకి నాన్‌స్టాప్ పద్ధతి పెడితే మధ్య ఊళ్లవాళ్లు రోడ్డు మీదే ఉండిపోతారు.

[స్క్రీన్ మీద: ఆకాశవాణి, కమ్యూనిటీ రేడియో]

టైమ్ అయిపోతోంది, మిగతాది వేగంగా చెప్పేస్తాను.

ఆకాశవాణి 1984లో నాగర్‌కోయిల్‌లో దేశంలోనే మొదటి లోకల్ రేడియో స్టేషన్ పెట్టింది. తర్వాత కొన్నేళ్లలోనే మనకి ఆదిలాబాద్, కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్, అనంతపురం లాంటివి వచ్చాయి. వీటిలో రెగ్యులర్ ఉద్యోగులు బదిలీల మీద ఎక్కడినుంచైనా రావచ్చు. క్యాజువల్ అనౌన్సర్లని, అంటే రెగ్యులర్ ఉద్యోగం కాకుండా డ్యూటీల లెక్కన పిలిచేవాళ్లని మాత్రం ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లలోంచే తీసుకోవడం మామూలు. నోటిఫికేషన్లలో ఎక్కడ ఉంటున్నారన్నది అడుగుతారు. గమనించండి, పుట్టిన ఊరు కాదు, ఉంటున్న ఊరు.

ఒక చోటి జనం తమ కోసం తామే నడుపుకునే కమ్యూనిటీ రేడియో ఈ విషయంలో ఇంకా గట్టిది. అక్కడ కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగానే తయారవ్వాలన్నది నియమం. సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దళిత మహిళలు నడిపే స్టేషన్ అది. చిరుధాన్యాలు, విత్తనాలు, పండుగ పాటలు, అన్నీ వాళ్ల మాటల్లోనే. అక్కడికి బయటినుంచి ఆర్జేని పంపడంలో అర్థం లేదు, ఎందుకంటే ఆ బస్సు నడిపేదీ ఎక్కేదీ ఆ ఊరివాళ్లే.

ఏఐ గొంతు గురించి ఒక్క మాట. 2023లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో లైవ్ 95.5 అనే స్టేషన్ తన హోస్ట్ యాష్లీ గొంతుతో ఏఐ యాష్లీని షోలో పెట్టింది. ఇది వాయిస్ ట్రాకింగ్‌కి తర్వాతి మెట్టు, ఇప్పుడు రికార్డు చేయడానికి కూడా మనిషి అక్కర్లేదు. దీని మీద విడిగా మాట్లాడాలి.

మనకి ఈ విషయం ఇప్పుడెందుకంటే, 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త ఊళ్లలో 730 ఎఫ్ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో కాకినాడ, కర్నూలు, ఖమ్మం, కరీంనగర్ ఉన్నాయి. ఈ ఊళ్లకి రేడియో వస్తే సంతోషమే. కానీ స్టూడియో కూడా వస్తుందా, ట్రాన్స్‌మిటర్ మాత్రమే వస్తుందా అన్నది ఇప్పుడే అడగాలి.

అప్లై చేసే పిల్లలకి చివరగా. బయటి ఊరని ఆగకండి. ఏ ఊరి స్టేషన్‌కి పంపుతున్నారో ఆ ఊరి మీదే రెండు లింకులు చేసి పంపండి. వీలైతే ముందు ఆ ఊళ్లో కొన్ని రోజులు ఉండి, సిటీ బస్సుల్లో తిరిగి రండి. ఇంటర్వ్యూలో మీరు కూడా అడగండి, షో లైవా, నెట్‌వర్కా, మీరు కూర్చునే స్టూడియో ఏ ఊళ్లో అని. ఆకాశవాణి క్యాజువల్ అనౌన్సర్ అయితే నెలకి ఆరు డ్యూటీలకి మించి ఇవ్వరు. కాబట్టి ఉన్న ఉద్యోగం మానేసి మాత్రం చేరకండి.